ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉగ్గు, అన్నం అలవాటు చేయడం ఎలా?

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. పిల్లల ఎదుగుదలలో ప్రతి మెట్టుకూ మన ఇళ్లలో ఒక పిండివంట ఉంది. వీటిలో కుడుములు పంచే మెట్టు తిండికి నేరుగా సంబంధించినది. వీపుకు కాస్త ఆసరా ఇస్తే కూర్చోగలిగి, మెడ నిలబెట్టే బిడ్డ చెంచాతో పెట్టింది మింగడానికి కూడా చాలావరకు సిద్ధమైనట్టే. అక్కడి నుంచి మొదటి పుట్టినరోజు నాటికి ఇంట్లో అందరూ తినే పప్పన్నం దాకా తీసుకురావాలి. ఈ ఆరు నెలల్లో ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు పెట్టకపోవడం కాదు, పల్చగా పెట్టడం. అందుకే కింద చిక్కదనం గురించి కాస్త ఎక్కువే చెప్పాం.

నెల లెక్క ముందు తేల్చుకోండి

మగపిల్లలకు సరి నెలల్లో, ఆడపిల్లలకు బేసి నెలల్లో అన్నప్రాశన చేయడం మన ఆనవాయితీ. చిక్కెక్కడంటే, ముహూర్తం పెట్టేవారు నడుస్తున్న నెలను లెక్కేస్తారు, డాక్టర్లు నిండిన నెలలను లెక్కేస్తారు. ‘అయిదో నెల’ అంటే నిండినవి నాలుగే. ‘ఆరో నెల’ అంటే నిండినవి అయిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 180 రోజులు నిండాక. అప్పటిదాకా తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు.

కాబట్టి ఆడపిల్లకు ఏడో నెల ముహూర్తం చక్కగా కుదురుతుంది. మగబిడ్డకు ఆరో నెలలోనే ముహూర్తం కుదిరితే ఆ రోజు పాయసం పెదవులకు తాకించి శాస్త్రం కానిచ్చేసి, రోజువారీ ఉగ్గు 180 రోజులు నిండాకే మొదలుపెట్టండి. ఎనిమిదో నెలకు ముహూర్తం పడితే అందాకా ఆగొద్దు. అన్నప్రాశన కాకుండా అన్నం ముట్టించకూడదని పెద్దవాళ్లు పట్టుబడితే రాగిజావ, మెదిపిన అరటిపండు, ఉడికించిన చిలగడదుంపతో ఆరు నెలలకే మొదలుపెట్టేయొచ్చు. అవి అన్నం కావు కదా, ఎవరి మాటా పోదు.

ఆగకూడదని ఎందుకంటే, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము నిల్వలు ఆరో నెల నాటికి తరిగిపోతాయి. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. ఆ లోటు తిండితోనే తీరాలి.

సిద్ధంగా ఉన్న బిడ్డ మెడ నిలుపుతుంది, ఆసరాతో కూర్చుంటుంది, మీ చేతిలోని ముద్ద వైపు చెయ్యి చాపుతుంది, చెంచా దగ్గరికి తెస్తే నోరు తెరుస్తుంది. పెట్టిందంతా నాలుకతో బయటికి నెట్టేస్తుంటే రెండు మూడు రోజులు ఆగి మళ్లీ పెట్టండి. అది వద్దనడం కాదు, పాలు తాగే నాలుకకు ఉన్న అలవాటు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో మాత్రం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగాలి.

అన్నప్రాశన రోజు

బిడ్డ నిద్ర లేచి, పాలు తాగి ఓ అరగంట అయిన వేళ చూసుకుంటే ఏడుపు తక్కువ. పాయసంలో తేనె కలపొద్దు, నాలుకకు రాయనూ వద్దు. తేనెలో ఉండే బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో విషాన్ని తయారుచేసి ఒళ్లు చచ్చుబడేలా చేయగలవు. కాచినా అవి చావవు. ఉంగరంతో నాకించే ఆచారం ఉంటే రాళ్లు పొదిగింది కాకుండా సాదాది తీసుకుని, సబ్బు, వేడినీళ్లతో కడగండి. చుట్టాలందరూ వరసగా వేలు ముంచి నాకించకుండా అమ్మో, అమ్మమ్మో, మేనమామో ఒకరిద్దరితో ఆపేయడం మంచిది. బిడ్డ ముందు పరిచే వాటిలో చిల్లర నాణేలు, నిజం కత్తి పెట్టకండి. నాణెం ముందు వెళ్లేది నోట్లోకే. నోటు పెట్టినా ధనమే, చెక్క కత్తి పెట్టినా కత్తే.

ఉగ్గుపిండి చేసుకోవడం

కావలసినవి: బియ్యం 1 కప్పు, పొట్టు తీసిన పెసరపప్పు అర కప్పు, జీలకర్ర అర టీస్పూను. కప్పంటే సుమారు 200 గ్రాములు పట్టేది. మొత్తం 300 గ్రాముల దాకా పిండి వస్తుంది. రెండు మూడు వారాలకు అది చాలు. ఎక్కువ చేసి దాచొద్దు.

1. బియ్యం, పప్పు విడివిడిగా మూడు నాలుగు నీళ్లు పోయేలా కడిగి, వాడ్చి, శుభ్రమైన నూలు బట్ట మీద పల్చగా పరిచి నీడలో ఆరబెట్టండి. చేత్తో నలిపితే తడి తగలకూడదు. ఎండాకాలంలో ఒక పూట చాలు, వానాకాలంలో ఫ్యాను కింద రోజంతా పడుతుంది.

2. దళసరి మూకుట్లో సన్నని సెగ మీద విడివిడిగా వేయించండి. బియ్యం కాస్త ఉబ్బి తెల్లబడాలి, పప్పు కమ్మటి వాసన రావాలి. రెండూ కలిపి వేయిస్తే బియ్యం వేగేలోపు పప్పు మాడుతుంది. మాడిన పప్పు చేదును బిడ్డ వెంటనే పసిగడుతుంది. జీలకర్ర చివర్లో, పొయ్యి ఆపేశాక ఆ వేడికే వేయండి.

3. పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టండి. వేడి మీద పడితే చెమ్మ చేరి పిండి ఉండలు కడుతుంది, పురుగు తొందరగా పడుతుంది. మొదటి నెలకు మెత్తటి పిండి, తర్వాత సన్నరవ్వ.

4. తడి లేని గాజు సీసాలో పోసి, తేదీ రాసిన కాగితం అంటించండి. పొడి చెంచాతోనే తీయండి.

కొందరు ఇందులో కందిపప్పు, మినప్పప్పు, బాదం, గోధుమలు, యాలకులు అన్నీ కలిపి పదమూడు దినుసుల పొడి చేస్తారు. మొదటి నెలలో అది వద్దు. ఒంటికి ఏది పడలేదో తెలుసుకోవడానికి దారుండదు.

మొలకెత్తించిన రాగులు

రాగిజావకు మామూలు పిండి కన్నా మొలకల పిండి మేలు. రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి బట్టలో మూటకట్టి 24 నుంచి 36 గంటలు ఉంచండి. గింజకు తెల్లటి ముక్కు కనిపిస్తే చాలు, పొడుగు మొలకలు అక్కర్లేదు. జిగురుగా తగిలినా, పులిసిన వాసన వచ్చినా, బూజు కనిపించినా మొత్తం పారేయండి. బాగా ఆరబెట్టి, పచ్చివాసన పోయేదాకా మాత్రమే వేయించి పిండి పట్టించి, మొదటి నెల పల్చటి బట్టతో జల్లించండి.

ఇంత శ్రమ ఎందుకంటే, మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. అది పిండిపదార్థాన్ని ముక్కలు చేయడంతో జావ గట్టిపడకుండా జారుగా ఉంటుంది. అంటే అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పడుతుంది, బిడ్డకు ఎక్కువ బలం అందుతుంది. ఎర్రగా వేయించేస్తే ఆ ఎంజైమ్ పోతుంది, ఇక మామూలు పిండికీ దానికీ తేడా ఉండదు.

వండటం, చిక్కదనం చూడటం

ఒక టేబుల్ స్పూను ఉగ్గుపిండికి అర కప్పు నీళ్లు. పిండిని ముందు కాసిని చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మిగతా నీళ్లు మరిగాక అందులో పోసి, సన్నని సెగ మీద ఎనిమిది పది నిమిషాలు తిప్పుతూ ఉండండి. మరిగే నీళ్లలో పొడిపిండి వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండే ఉండలు కడతాయి. దించాక అర టీస్పూను నెయ్యి వేయండి.

ఇప్పుడు చెంచాలోకి తీసుకుని పక్కకు వంచండి. నీళ్లలా కారిపోతే పల్చన. చెంచాకు అంటుకుని మెల్లగా, ముద్దముద్దగా జారితే సరైన పాకం. అసలు కదలకపోతే రెండు చెంచాల వేడినీళ్లో, తల్లిపాలో కలపండి. మొదటి మూడు నాలుగు రోజులు కాస్త జారుగా ఉన్నా ఫర్వాలేదు. వారం దాటాక అదే అర కప్పు నీళ్లకు ఒకటిన్నర స్పూన్ల పిండి వేయండి.

పప్పుకట్టు, అన్నం వార్చిన గంజి, కూరగాయలు ఉడికించిన నీళ్లు ‘తేలిగ్గా అరుగుతాయి’ అని పెడుతుంటారు. అవి అరుగుతాయి నిజమే, అరగడానికి వాటిలో ఏముంది గనక? బిడ్డ పొట్టలో కిలో బరువుకు సుమారు 30 గ్రాములు పడుతుంది. ఏడున్నర కిలోల బిడ్డకు ఒక గిన్నె నిండితే అంతే, ఇక చోటు లేదు. ఆ చోటును నీళ్లతో నింపితే బిడ్డ కడుపు నిండి పడుకుంటుంది, బరువు మాత్రం పెరగదు. పప్పు పైతేట కాదు, అడుగున ఉన్న ముద్ద మెదిపి పెట్టండి. ‘రోజంతా తింటూనే ఉంటాడు, ఒంటికి పట్టడం లేదు’ అనే ఇళ్లలో ముందు చూడాల్సింది గిన్నెలో చిక్కదనం.

మిక్సీ విషయంలో ఒక మాట. మొదటి వారాలకు తప్ప దాన్ని వాడకండి. చేత్తోనో, గరిటె వెనకతోనో మెదపండి. చిన్న చిన్న పలుకులు నాలుకకు తగలాలి. తొమ్మిది పది నెలలు వచ్చినా పలుకు తగలని బిడ్డ తర్వాత అన్నం మెతుకు చూస్తేనే ఉమ్మేస్తుంది. పళ్లు రాలేదు కదా అనకండి. చిగుళ్లతోనే మెత్తటి ఇడ్లీని నలిపి మింగేస్తారు.

ఎంత, ఎన్నిసార్లు

మొదటి రోజు రెండు మూడు చెంచాలు, పొద్దుటిపూట, అంటే ఏదైనా పడకపోతే పగలే తెలిసిపోయేలా. నాలుగైదు రోజుల్లో రెండు మూడు టేబుల్ స్పూన్లకు వెళ్లండి. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడు సార్లు పెడుతూ, పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా తీసుకురావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలలకు మూడు నాలుగు సార్లు, పూటకు సగం గిన్నె. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి పూర్తి గిన్నె, మధ్యలో ఒకటి రెండుసార్లు పండో, ఉడకబెట్టిన దుంపో. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు. ఈ లెక్కలు ఒక కొలబద్ద మాత్రమే. తల తిప్పేసి, నోరు బిగిస్తే ఆ పూటకు చాలించండి. ముక్కు మూసి పోసే ఉగ్గు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సీసా కొనకండి. తల్లిపాలకు ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, రెండేళ్లలోపు పిల్లల ఆహారాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టం, 2003 సవరణ నిషేధించాయి. అందులో అర్థముంది. సీసా పీకను శుభ్రంగా ఉంచడం కష్టం, బిడ్డ విరేచనాలకు అదే మొదటి దారి. చిన్న స్టీలు గిన్నె, లోతు లేని చిన్న చెంచా, నీళ్లకు ఉగ్గుగిన్నె చాలు. భోజనంతో పాటు కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు గుక్కలు పట్టండి. ఎనిమిదో నెల నాటికి చిన్న గ్లాసును మీరు పట్టుకుని, పెదవికి ఆనిస్తే చప్పరిస్తుంది. సగం ఒలుకుతుంది, అది మామూలే.

బలం ఎక్కడి నుంచి

రెండో వారం నుంచి పప్పన్నం, మెదిపిన క్యారెట్, గుమ్మడి, సొరకాయ, బొప్పాయి, పెరుగు ఒక్కొక్కటీ చేర్చండి. తోటకూర, పాలకూర లేత ఆకులు పప్పులోనే ఉడికించండి. దించాక నాలుగు నిమ్మచుక్కలు పిండితే అందులోని సి విటమిన్ ఆకులోని, పప్పులోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. టీ, కాఫీ దానికి పూర్తిగా విరుద్ధం. టీలో ముంచిన బిస్కెట్టు పసిబిడ్డ తిండి కాదు.

గుడ్డు, చేప, కోడి కాలేయం తినే ఇళ్లలో వాటికి ఏడాది దాకా ఆగనక్కర్లేదు. గుడ్డును పది నిమిషాలకు తక్కువ కాకుండా ఉడికించి, పచ్చసొన, తెల్లసొన రెండూ మెదిపి పావు టీస్పూనుతో మొదలుపెట్టండి. వేరుశనగ కూడా అంతే. గింజగా కాదు, వేయించి మెత్తగా నూరి జావలో అర టీస్పూను. ఆలస్యం చేస్తే ఎలర్జీ రాదన్న పాత నమ్మకాన్ని 2015లో వెలువడిన లీప్ అధ్యయనం తిరగరాసింది. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లల్లో కూడా ముందుగా పెట్టినవారికే వేరుశనగ ఎలర్జీ బాగా తక్కువగా వచ్చింది. ఒంటి మీద తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న బిడ్డకు మాత్రం డాక్టరును అడిగాకే. ఇలాంటివి ఒకదానికీ ఇంకోదానికీ మూడు రోజులు ఎడం ఇవ్వండి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపిస్తే ఆపేసి చూపించండి, ఊపిరి కష్టమైతే 108కి ఫోన్ చేయండి.

ఏడాది లోపు ఉప్పు వద్దు, రెండేళ్ల లోపు చక్కెర, బెల్లం కలపొద్దు. ‘ఉప్పు లేకపోతే చప్పగా ఎలా తింటాడు’ అని నానమ్మ అడిగేది మన నాలుక తరఫున. ఉప్పు రుచి తెలియని బిడ్డకు చప్పదనమూ తెలియదు. అడుగులు పడినప్పుడు వచ్చే అరిసెలు ఊళ్లోవాళ్లకు పంచడానికే. ఆవుపాలు, గేదెపాలు ఏడాది నిండాకే గ్లాసుతో ఇవ్వండి.

అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్టు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి వేయించిన పిండి అది. చక్కెర అందులోనే ఉంది కాబట్టి మళ్లీ కలపొద్దు, రోజూ ఒక పూటకు మించి పెట్టొద్దు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్‌ను వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున తిండి తర్వాత పట్టండి. మలం నల్లగా వస్తుంది, అది సిరప్ వల్లే, కంగారు పడొద్దు. తొమ్మిది నెలలు నిండాక వేసే ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకాతో పాటు విటమిన్ ‘ఎ’ తొలి మోతాదూ అడిగి వేయించండి.

చేత్తో తీసుకోవడం

ఎనిమిది తొమ్మిది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి మెతుకు ఏరడం మొదలవుతుంది. బొప్పాయి ముక్కో, వేలంత పొడుగున కోసి వేళ్ల మధ్య నలిగేంత ఉడికించిన క్యారెట్టో, ఇడ్లీ తునకో కంచంలో వేసి వదిలేయండి. ముఖం, జుట్టు, నేల అన్నీ తింటాయి. కింద పాత చీర పరవండి. మీరు పెట్టే చెంచా పక్కన బిడ్డ చేతికీ ఒక చెంచా ఇస్తే లాక్కోవడం తగ్గుతుంది. ఫోన్ చూపిస్తూ పెడితే నోరు తెరుచుకుంటుంది గానీ, కడుపు నిండిందన్న సంగతి బిడ్డకూ తెలియదు, మీకూ తెలియదు.

అయిదేళ్లు వచ్చేదాకా కోయని ద్రాక్షలు, వేయించిన శనగలు, పల్లీలు, మొక్కజొన్న పేలాలు, పచ్చి క్యారెట్ ముక్కలు వద్దు. తినేటప్పుడు బిడ్డ కూర్చునే ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

ఓకరించడం వేరు, ఊపిరాడకపోవడం వేరు. ఓకరించే బిడ్డ ముఖం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, చప్పుడు చేస్తుంది. అది తనను తాను కాపాడుకోవడం. వేలు పెట్టి గెలకొద్దు, చూస్తూ ఉండండి. ఏడవలేక, దగ్గలేక, చప్పుడు ఆగి పెదవులు నీలమెక్కితే ప్రమాదం. వెంటనే ముంజేతి మీద బోర్లా, తల కిందకు ఉండేలా పడుకోబెట్టి భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో అయిదు నొక్కులు, వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి. అదే సమయంలో ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

వచ్చే ఇబ్బందులు

మలం గట్టిపడటం మొదటి నెలలో చాలామందికి వస్తుంది. బొప్పాయి, ఆకుకూర పెంచి, నీళ్లు మరో నాలుగు గుక్కలు, నెయ్యి అలాగే ఉంచండి. తమలపాకు కాడ, సబ్బు ముక్క లోపల పెట్టడం, ఆముదం పట్టడం వద్దు. అవి పేగును ఒరిపిస్తాయి. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాకించడమూ మానండి, మోతాదు దాటితే వాంతులు.

ఒక కూర వద్దంటే వారం తర్వాత మళ్లీ పెట్టండి. కొన్ని రుచులు ఎనిమిది పదిసార్లు నాలుకకు తగిలాకే నచ్చుతాయి.

పొద్దున వండిన ఉగ్గు మధ్యాహ్నం వేడిచేసి పెట్టొద్దు. బయట రెండు గంటలు దాటితే పారేయండి. బిడ్డ ఎంగిలి తగిలిన గిన్నెలోది దాచొద్దు.

విరేచనాలు పట్టుకుంటే తిండి ఆపడం పాత అలవాటు, అది బిడ్డను ఇంకా నీరసపరుస్తుంది. తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. ఇస్తూ మెత్తటి పెరుగన్నం కొద్దికొద్దిగా పెట్టండి. ఆరు నెలలు దాటినవారికి జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు, విరేచనాలు తగ్గినా ఆపకుండా. తగ్గాక రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి తల్లీబిడ్డల కార్డులోని గీత చూడండి. వరసగా రెండు నెలలు గీత పైకి పోకుండా అడ్డంగా సాగినా, కిందకు వంగినా, తిన్న ప్రతిసారీ కక్కుతున్నా, మలంలో రక్తం కనిపించినా, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోలేకపోతున్నా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ కార్డుతో పాటు మూడు రోజులుగా ఏం పెట్టారో, ఎంత పెట్టారో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.